కాటన్ లేని రెండేళ్ళు

మా కంపెనీలో ఎనిమిది మందిమి ఉన్నప్పుడు కల్చర్ అన్న మాటే ఎవరూ ఎత్తలేదు. నలభై అయ్యాక దాని మీద వారానికో మీటింగు. అయినా ఫౌండరు ఓ నెల ఊళ్ళో లేకపోతే ఏ ఫీచరు ముందో ఎవరికీ తెలీదు. సేల్స్ వాళ్ళు ఒకటి అమ్ముతారు, మేం ఇంకోటి కడతాం. మొన్న పండక్కి ఇంటికెళ్ళి, ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం చూస్తుంటే ఇదంతా గుర్తొచ్చింది.

కాటన్ దొర గురించి గోదావరి జిల్లాల వాళ్ళకి నేను కొత్తగా చెప్పేదేముంది? గోదాట్లో స్నానం చేస్తూ సంకల్పంలో ఆయన్ని తలుచుకునేవాళ్ళు కూడా ఉన్నారు. కానీ ఆనకట్ట పని 1847లో మొదలైతే, 1848లోనే ఆయన ఆరోగ్యం చెడి ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడు. తిరిగొచ్చింది 1850లో. ఆ మధ్య పని నడిపించింది కెప్టెన్ ఓర్. 1852కల్లా ఆనకట్ట పూర్తయింది.

అసలు టీమే అంతంతమాత్రం. ఆరుగురు ఇంజనీర్లనీ, రెండు వేల మంది తాపీ పనివాళ్ళనీ అడిగితే, పని నేర్పుకోవాల్సిన ఒక కుర్ర ఆఫీసరునీ, ఇద్దరు అప్రెంటిస్‌లనీ, కొందరు సర్వేయర్లనీ ఇచ్చారట. (మన రిసోర్స్ రిక్వెస్టుల గతీ ఇంతే కదా!) కూలీలని కూడగట్టడంలో మన వీణెం వీరన్న పాత్ర చాలా పెద్దది.

మరి ఆయన లేకపోయినా పని ఎందుకు ఆగలేదు? నాకు తోచింది ఇది. డిజైను ఒక్కడి బుర్రలో దాక్కున్నది కాదు. ఇసుక మీద రాయి పేర్చి నదిని నిలపడం కావేరి దగ్గర చోళుల కాలం నుంచీ ఉన్న విద్య. 1836లో కొల్లిడం మీద కాటనే దాన్ని వాడి చూశాడు. రాయి ధవళేశ్వరం కొండలోనే దొరికింది. పైగా లంకల మధ్య నది నాలుగు పాయలు కావడంతో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని పని నాలుగు ముక్కలైంది. మన భాషలో నాలుగు మాడ్యూల్స్ అన్నమాట.

ఇక లక్ష్యం. 1821లో సుమారు 7.4 లక్షలున్న జిల్లా జనాభా కరువులకీ తుఫానులకీ 1841 నాటికి 5.6 లక్షలకి పడిపోయింది. ఎందుకు కడుతున్నామో అక్కడ స్లైడు వేసి చెప్పక్కర్లేదు. కంపెనీ దొరలకి కావలసింది శిస్తు, రైతుకి నీళ్ళు, కాటన్‌కి పడవలు కూడా. పొలానికి పారే నీళ్ళు కావాలి, పడవకి ఏడాది పొడుగునా లోతు కావాలి. ఈ రెండిటికీ పేచీ ఉంది. అందుకే కాలవల్లో లాకులు. అందులో పడవల భాగం రైళ్ళొచ్చాక ఓడిపోయింది, నీళ్ళ భాగం మాత్రం ఇప్పటికీ మా ఇంటి అన్నం.

ఇంటికొచ్చి నాన్నతో అన్నాను, ఓర్ అని ఒకాయన లేకపోతే మనకి ఆనకట్ట లేదు అని.

"ఓరా? ఎవర్రా వాడు?" అన్నారు, పేపర్లోంచి తలెత్తకుండానే.