తలనొప్పి పొడి చరిత్ర

1886లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో కాన్, హెప్ అనే ఇద్దరు వైద్యులు కడుపులోని పురుగులకు నాఫ్తలీను ఇచ్చి చూస్తూండగా రోగికి అనుకోకుండా జ్వరం దిగిపోయింది. విచారిస్తే, మందుల దుకాణంవారు పొరపాటున ఇచ్చినది నాఫ్తలీను కాదు, అసిటనిలైడు అని తేలింది. ఈ కొత్త మందు జ్వరాన్ని తగ్గించేది కాని, రక్తంలోని హీమోగ్లోబిన్‌ను చెరచి రోగి పెదవులను నీలంగా మార్చేది. దీనికంటె సౌమ్యమైన మందు కావాలని వెదకి, రంగుల పరిశ్రమలో మిగిలిపోతూన్న పారానైట్రోఫినాల్ నుండి బేయర్ సంస్థవారు ఫెనసిటిన్‌ను తయారుచేశారు. 1887లో అది వైద్యంలోకి వచ్చింది. సుమారు అరవై యేండ్లపాటు దానిని ఎవరూ శంకించలేదు.

స్వీడన్‌లోని హుస్క్‌వార్నా అనే పట్టణంలో తుపాకులు, కుట్టుమిషన్లు చేసే పెద్ద కర్మాగారం ఉండేది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వ్యాపించినప్పుడు యోర్టన్ అనే స్థానిక వైద్యుడు ఒక పొడి కూర్చి ఇచ్చాడు. ఒక్కొక్క పొట్లంలో ఫెనసిటిన్ 0.5 గ్రాము, ఫెనజోన్ 0.5 గ్రాము, కెఫీన్ 0.15 గ్రాము. జ్వరాలు పోయినా పొడి పోలేదు. అలసట తీరుతుందని, పని చురుకుగా సాగుతుందని కార్మికులు దానిని రోజూ తీసికొనసాగారు. పుట్టినరోజు కానుకగా కూడ ఇచ్చుకొనేవారట! ఇందులో కెఫీన్ పాత్ర గమనించదగినది. కెఫీన్‌కు అలవాటుపడినవాడు దానిని మానితే తలనొప్పి వస్తుంది. ఆ నొప్పికి మళ్ళీ అదే పొడి. అంటే మందే రోగాన్ని పుట్టించి, తానే దానిని తగ్గించేదన్నమాట.

1953లో స్విట్జర్లండ్‌లో ష్పూలర్, జోలింగర్ అనే శాస్త్రజ్ఞులు దీర్ఘకాలం నొప్పి మందులు వాడినవారి మూత్రపిండాలు దెబ్బతింటున్నవని ప్రకటించారు. హుస్క్‌వార్నా కార్మికుల విషయం గ్రిమ్‌లుండ్ అనే వైద్యుడు పరిశీలించి 1963లో ప్రచురించాడు. మూత్రపిండం నీటిని తిరిగి పీల్చుకొనేటప్పుడు మందు దాని లోపలి భాగంలో చిక్కబడుతుంది. అక్కడ రక్తప్రసారం సహజంగానే తక్కువ. అందువలన ఆ కణజాలమే మొదట చచ్చిపోతుంది. నొప్పి ఉండదు గనుక రోగికి చాలాకాలం తెలియదు.

స్వీడన్ 1961లో ఫెనసిటిన్‌ను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదన్నది. అమెరికాలో 1983లో దానిని ఉపసంహరించారు. ఫెనసిటిన్ ఉన్న మిశ్రమాలు కాన్సరు కలిగిస్తాయని 1987లో అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ నిర్ణయించింది. అయితే దోషమంతా ఫెనసిటిన్‌దేనా, మిశ్రమానిదా అన్న వాదం పూర్తిగా తెగలేదు. నేటి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్‌లు మరొక దారిన పనిచేస్తాయి. మూత్రపిండానికి రక్తం అందేలా చూచే ప్రోస్టాగ్లాండిన్‌ల ఉత్పత్తిని అవి అడ్డుకొంటాయి. విరేచనాల వలననో, ఎండదెబ్బ వలననో ఒంట్లో నీరు తగ్గినవానికి ఈ అడ్డంకి ఒక్కసారిగా ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు.