సిలబుల్ గుర్తింపు: ఇంగ్లీషు మాటలు, పసిపిల్లలు

ఇంగ్లీషు మాటను పలికేటప్పుడు సాధారణంగా ఒక అచ్చును ఆనుకుని వచ్చే ధ్వనుల గుంపును సిలబుల్ అంటారు. క్యాట్‌లో ఒకటి, పెన్సిల్‌లో రెండు, బనానాలో మూడు. బడిలో చదవడం మొదలయ్యే ముందు, దాదాపు మూడు నుంచి ఆరేళ్ళ వయసులో, ఈ ముక్కలను చెవితో పట్టుకోవడం నేర్పుతారు. తెలుగులో సిలబుల్‌ను తరచు 'అక్షరం' అని అనువదిస్తారు. రెండూ అన్నిచోట్లా ఒకటి కావు కనుక ఇక్కడ సిలబుల్ అనే మాటనే ఉంచాం.

చరిత్ర

మొదట్లో ఇది చెవి పాఠం కాదు, కంటి పాఠం. 1596 నాటి ఎడ్మండ్ కూట్ వాచకం మొదలు, ఇంగ్లీషు పిల్లలు హల్లుకు అచ్చు చేర్చిన ముక్కల పట్టికలను వల్లె వేసేవారు. మన గుణింతానికి దూరపు చుట్టం అనుకోవచ్చు. థామస్ డిల్వర్త్ వాచకం (1740) 'నేషన్' వంటి మాటల చివరి భాగాన్ని రెండు ముక్కలు చేసింది. నోవా వెబ్‌స్టర్ 1783లో దాన్ని తప్పుపట్టి, నోరు పలికినట్టే కాగితం మీదా విడగొట్టాలన్నాడు. ఆయన స్పెల్లింగ్ వాచకం 'ది అమెరికన్ స్పెల్లింగ్ బుక్' అన్న పేరు తెచ్చుకున్న ఏడాదిని కొందరు 1786గా, కొందరు 1787గా ఇస్తారు.

నేటి బోధనలో వినిపించే ఆరు రకాల సిలబుళ్ళ వర్గీకరణను కొన్ని పుస్తకాలు వెబ్‌స్టర్‌కే కట్టబెడతాయి. మరికొన్ని దాన్ని, చదవడంలో ఇబ్బంది పడేవారి కోసం 20వ శతాబ్దంలో రూపొందిన ఆర్టన్-గిల్లింగ్‌హామ్ బోధనా సంప్రదాయంలో చేరుస్తాయి. వెబ్‌స్టర్ పట్టికలు మాటలను ప్రధానంగా సిలబుళ్ళ సంఖ్యను బట్టి, ఊనిక పడే చోటును బట్టి పేర్చాయి. అందువల్ల రెండో వాదమే నమ్మదగినదిగా తోస్తుంది. ఏదేమైనా అది రాత మీద ఆధారపడిన వర్గీకరణ, అక్షరాలు రాని పిల్లలకు పనికిరాదు.

పరిశోధన

ఈ విషయంలో తరచు ఉదహరించేది ఇసబెల్ లీబర్‌మన్ బృందం 1974లో ప్రచురించిన ప్రయోగం. ఆటలా సాగిన ఆ పరీక్షలో, విన్న మాటలో ఎన్ని ముక్కలుంటే అన్నిసార్లు పిల్లలు చిన్న చెక్కపుల్లతో బల్ల మీద కొట్టాలి. ఒక జట్టు సిలబుళ్ళు లెక్కించింది, మరో జట్టు విడి ధ్వనులు లెక్కించింది. నాలుగేళ్ళ పిల్లల్లో సుమారు సగం మంది సిలబుళ్ళలో నెగ్గారు, విడి ధ్వనుల్లో ఒక్కరూ నెగ్గలేదు. ఒకటో తరగతి చివరికి వచ్చినవారిలో సిలబుళ్ళు పట్టినవారు 90 శాతం, ధ్వనులు పట్టినవారు 70 శాతం.

ఈ పెరుగుదల వయసు వల్ల వచ్చిందా, చదువు వల్లా అన్నది వివాదాంశం. పోర్చుగల్‌లో నిరక్షరాస్యులైన పెద్దలు విడి ధ్వనులను తీసివేయడంలో, చేర్చడంలో బాగా తడబడ్డారని జోజే మొరాయిస్ బృందం 1979లో చూపింది. దాన్నిబట్టి విడి ధ్వనుల ఎరుకకు లిపి చాలావరకు కారణమనీ, సిలబుల్ ఎరుకకు అంత అవసరం లేదనీ భావిస్తున్నారు. అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ (2000) విడి ధ్వనుల బోధనకే పెద్దపీట వేసింది. అప్పటి నుంచి సిలబుల్ ఆటలకు ఎక్కువ వారాలు కేటాయించడం వృథా అనే వాదం బలపడింది. అయినా అక్కడి బడుల కోసం 2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలు కిండర్‌గార్టెన్‌లోనే సిలబుళ్ళను లెక్కించడం, పలకడం, కలపడం, విడదీయడం రావాలంటాయి.

పద్ధతులు

చప్పట్లు, అడుగులు, డప్పు అందరికీ తెలిసినవే. పిల్లల పేర్లతో మొదలుపెట్టడం ఎక్కువచోట్ల ఆనవాయితీ. గడ్డం కింద చేయి పెట్టి, దవడ ఎన్నిసార్లు దిగితే అన్ని సిలబుళ్ళని చెప్పే ఉపాయం కూడా ప్రచారంలో ఉంది. అది 'లిటిల్', 'బటన్' వంటి మాటల దగ్గర దెబ్బతింటుంది. వాటి రెండో సిలబుల్‌ను చాలామంది అచ్చు లేకుండా ల, న ధ్వనుల మీదే పలుకుతారు, దవడ పెద్దగా కదలదు. 'చాక్లెట్' రెండా మూడా, 'ఫైర్' ఒకటా రెండా అన్నది పలికేవారిని బట్టి మారుతుంది. అలాంటి మాటలను పరీక్షలో పెట్టకపోవడమే మంచిది.

తెలుగు పిల్లలు

తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. అందుకే ఇంగ్లీషులో ఒక్క సిలబుల్ ఉన్న మాటలు మన నోట బస్సు, కారు, పెన్ను అయి రెండు చప్పట్లు కొట్టిస్తాయి. 'ఫిల్మ్' ఫిలిం అవుతుంది. 'స్కూల్' స్కూలు అయితే రెండు, కొందరి నోట ఇస్కూలు అయితే మూడు. రాత తోడైతే చిక్కు ఇంకొంచెం ముదురుతుంది. కర్మను మనం క, ర్మ అని రాస్తాం కానీ, పలుకులో విరుపు కర్, మ అని పడుతుంది. ఛందస్సులో ఆ 'క' గురువు కావడం ఈ పలుకుకు సరిపోతుంది. అదే అలవాటుతో 'సిస్టర్'ను సి, స్ట, ర్ అని మూడుగా లెక్కించే పిల్లవాడు మన లిపి ప్రకారం సబబే, ఇంగ్లీషు ప్రకారం రెండే.

తెలుగు పిల్లలు అక్షరాలను, విడి ధ్వనులను ఎలా పట్టుకుంటారన్న దానిపై డి. వసంత 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. కన్నడంలో సొనాలీ నాగ్ పని (2007) దీనికి దగ్గరది. తరగతి గదికి వస్తే, బస్సుకు రెండు చప్పట్లు కొట్టిన పిల్లవాడు తాను పలికినదాన్ని సరిగ్గానే లెక్కపెట్టాడు. అక్కడ దిద్దవలసింది ఉచ్చారణను, లెక్కను కాదు.