కూడు

1960 ఏప్రిల్ 1న సత్యవేడు మద్రాసు రాష్ట్రాన్ని విడిచి ఆంధ్రలో చేరింది. ఇక్కడి కూలిజనం నోట ‘కూడు’, ‘కూఴ్’ రెండూ నేను నేటికీ వింటున్నాను. భాషావేత్తలు పునర్నిర్మించిన మూలద్రావిడ ‘కూఴ్’కు రెండూ సంతానమే. తమిళపు ఏఴు, కోఴిలకు మన ఏడు, కోడి ఎట్లాగో, ఇదీ అట్లాగే. తమిళంలో ఆ మాటకు అంబలి అర్థం నిలిచింది. ఆడి నెలలో మారియమ్మ గుడి ముందు పోసేది అదే.

తెలుగులో దాని గతి వేరు. పెద్దలు సంస్కృతం నుంచి అన్నం, భోజనం పుచ్చుకొన్నారు. కూడు పాలేరు పాలబడింది. అతిథిని ‘కూడు తిన్నావా’ అంటే తిట్టినట్లే! ‘అర్థాపకర్ష’ అని పాఠం చెప్పి ఊరుకొంటాము. ఆ నీచత్వం మాటలో పుట్టిందా, తినేవాడిపట్ల ఉన్న చిన్నచూపులో పుట్టిందా అని అడగము. సామెతకు మాత్రం ఆ నామోషీ లేదు: కోటి విద్యలూ కూటి కొరకే.