వెనక సీటు నుంచి ముందు సీటుకు

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఒక వ్యాసం ఇవ్వమని సంఘం వారు అడిగారు. బడి చరిత్ర రాయడానికి నాకంటే పెద్దలున్నారు. మన నగరంలో ఆడవాళ్ల మోటార్‌సైకిల్ క్లబ్ ఎలా పెరిగిందో నేను రాస్తాను.

1989లో మా బ్యాచ్ పదో తరగతి పాసైంది. అప్పటి ఎర్రగడ్డ మీకు గుర్తుండే ఉంటుంది. బొంబాయి రోడ్డు మీద లారీలు, పక్కనే సనత్‌నగర్‌లో ఆల్విన్ ఫ్యాక్టరీ. మా ఇంట్లో నాన్న బుల్లెట్ ఉండేది. కుడికాలికి గేరు, ఎడమకాలికి బ్రేకు ఉన్న పాత మోడల్. ప్రతి ఆదివారం దాన్ని తుడిచేది నేను, నడపడం నేర్చుకున్నది తమ్ముడు. నేనడిగితే నాన్న "నీకెందుకమ్మా" అన్నారు. అంతటితో ఆ ముచ్చట ఆగిపోయింది.

అమెరికాలో 1950లోనే లూయీ షెర్బిన్ అనే ఆవిడ మహిళా రైడర్ల కోసం 'విమా' అనే సంఘం పెట్టారు. మన దేశంలో 2011లో పుణెకు చెందిన ఊర్వశీ పాటోలే 'ది బైకర్నీ' ప్రారంభించారు. క్రమంగా వేరే నగరాల్లోనూ శాఖలు వచ్చాయి. హైదరాబాద్ శాఖను ముందుండి నడిపించినవారు ఆర్కిటెక్ట్ జై భారతి.

నేను బండి నేర్చుకున్నది 2015లో, నలభై ఒకటో ఏట. మొదటిసారి గుంపుతో అనంతగిరి గుట్టలకు వెళ్లినప్పుడు ఘాట్ మలుపులో నా బండి ఆగిపోయింది. గుంపులో ముందు వెళ్లేవారిని లీడ్ అనీ, చివర వచ్చేవారిని స్వీప్ అనీ అంటారు. ఎవరు ఆగినా స్వీప్ ఆగాలి, వాళ్లను దాటి పోకూడదు. ఆ రోజు స్వీప్‌గా ఉన్న అమ్మాయి నా కూతురి ఈడుది. "తొందరేం లేదు ఆంటీ, మళ్లీ స్టార్ట్ చేయండి" అంది. చివరి బెంచీ వాళ్లకు లెక్క అర్థమయ్యేదాకా ముందుకు పోని మన లెక్కల మాస్టారు గుర్తొచ్చారు.

2018లో జై భారతి, పియా బహదూర్ సహా నలుగురు మహిళలు హైదరాబాద్ నుంచి బయలుదేరారు. మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం చుట్టి సుమారు 17 వేల కిలోమీటర్లు నడిపారు. ఆ ప్రయాణం గురించి పియా 'రోడ్ టు మెకాంగ్' అనే పుస్తకం రాశారు. తర్వాత జై భారతి 'మోవో' సంస్థ ద్వారా ఆడవాళ్లకు బండి నేర్పించడం మొదలుపెట్టారు. నా దృష్టిలో క్లబ్ నిజంగా ఎదిగింది అక్కడే. సొంత బండి ఉంటే ఉద్యోగం ఎంత దూరంలో ఉన్నా వెళ్లి రావచ్చు, చీకటి పడితే ఎవరి కోసమూ ఎదురుచూడనక్కర్లేదు.

నేను బండి నడపడం చూడకుండానే నాన్న వెళ్లిపోయారు. అమ్మను మాత్రం ఒక ఆదివారం వెనక కూర్చోబెట్టుకుని బల్కంపేట ఎల్లమ్మ గుడికి తీసుకెళ్లాను. దిగాక అంది: "ఇన్నేండ్లు మీ నాయిన ఎనక భయపడుకుంట కూసున్న. నాకు గూడ నేర్పకపోయిరి."

సంఘానికి నాదొక విన్నపం. ఆదివారాలు మన బడి మైదానం ఖాళీగానే ఉంటుంది. పద్దెనిమిది నిండిన మన పూర్వ విద్యార్థినులకు అక్కడ బండి నేర్పిద్దాం. మొదటి బండి నేనిస్తాను, స్వీప్‌గా కూడా నేనే ఉంటాను.