భయం, ఒత్తిడి, మద్యం: చిత్తూరు సరిహద్దుసీమ మద్యనిషేధ చరిత్ర – నాడీశాస్త్ర దృష్టి

వ్యాససంగ్రహం:
మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు 1938 నుండి 1997 వరకు మద్యనిషేధాన్ని పలుమార్లు చవిచూశాయి. ఈ చరిత్రను ఇంతవరకు ప్రధానంగా రాజకీయం, రాబడి, నీతి అనే మూడు కోణాలలో పరిశీలించారు. తాగే మనిషి మెదడులోను, అతనితో జీవించేవారి మెదడులోను భయం, ఒత్తిడి చేసే పనిని కూడా ఈ చరిత్రలో భాగంగా చూడాలని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మద్యనిషేధం, చిత్తూరు జిల్లా, నాడీశాస్త్రం, భయం, ఒత్తిడి, సారా వ్యతిరేకోద్యమం.

1. ఉపోద్ఘాతం:
మద్రాసు రాష్ట్రంలో రాజగోపాలాచారి మంత్రివర్గం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో మద్యనిషేధం ప్రారంభించింది. 1938 అక్టోబరు 1న దానిని చిత్తూరు, కడప జిల్లాలకు, 1939 అక్టోబరు 1న ఉత్తర ఆర్కాటుకు విస్తరించింది. ఆంధ్రప్రాంతంలో ఈ చట్టం మొదట అమలైన రెండు జిల్లాలలో చిత్తూరు ఒకటి కావడం గమనార్హం. తగ్గిన అబ్కారీ రాబడిని పూడ్చుకోవడానికి 1939లో అమ్మకపు పన్ను చట్టం వచ్చింది. అనగా మద్యం ప్రభుత్వానికి మొదటినుండి నైతిక సమస్యగానూ, ఖజానా సమస్యగానూ కనిపించింది. అది దేహ సమస్య కూడా అన్న ఎరుక పాలనాభాషలోకి చాలా ఆలస్యంగా ప్రవేశించింది.

2. సరిహద్దు – చట్టం:
కుప్పం ప్రాంతం సేలం, ఉత్తర ఆర్కాటు జిల్లాలకు, మైసూరు సంస్థానానికి ఆనుకొని ఉన్నది. 1937–38లో సేలం వైపు నిషేధం ఉండగా కుప్పంలో లేదు. మరుసటి ఏడు కుప్పంలో నిషేధం ఉండగా ఉత్తర ఆర్కాటు వైపు లేదు. పుంగనూరుకు పడమట ఉన్న కోలారు సీమ మైసూరు పాలనలోనిది కనుక అక్కడ మద్రాసు చట్టం చెల్లదు. మదనపల్లె తాలూకాకు పొరుగునున్న అనంతపురం జిల్లాలోనూ నాటికి నిషేధం రాలేదు. కొద్ది మైళ్ల దూరంలోనే చట్టం మారిపోయే ఈ సీమలో నిషేధం ఫలితాన్ని జిల్లా సగటులతో కొలవడం సరికాదు. గ్రామస్థాయి పరిశీలన అవసరం.

3. సమకాలిక విజ్ఞానం:
సేలంలో చట్టం రావడానికి ఏడాది ముందు, 1936లో, హాన్స్ సెల్యే ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న లేఖ ప్రచురించారు. భిన్నమైన హానికారకాలకు దేహం ఒకే తీరున స్పందిస్తుందన్నది దాని సారాంశం. నేటి ‘ఒత్తిడి’ భావనకు అది పునాది. 1937లో షికాగోలో క్లూవర్, బ్యూసీ మెదడులోని టెంపోరల్ భాగాలు తొలగించిన కోతులలో భయం సన్నగిల్లడాన్ని నివేదించారు. భయానికి మెదడులో స్థానం వెదకే పరిశోధన ఆ దారిలోనే సాగి, తరువాతి కాలంలో అమిగ్డాలా పాత్రను వివరించింది.

1954 మరింత ఆసక్తికరమైన సంవత్సరం. మద్యనిషేధ వివాదంపై టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఆ నవంబరులో ఆంధ్ర శాసనసభలో ఓడిపోయింది. గీతకార్మికుల జీవనోపాధి కోసం గౌతు లచ్చన్న నడిపిన ఉద్యమం దాని నేపథ్యం. అదే ఏడు కెనడాలో ఓల్డ్స్, మిల్నర్ ఎలుకల మెదడులో తృప్తిని కలిగించే భాగాలను గుర్తించారు. అదే ఏడు బెంగుళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. 1974లో అది నిమ్‌హాన్స్‌గా రూపొందింది. శాసనసభలో జరిగిన చర్చకు, ప్రయోగశాలలో జరిగిన అన్వేషణకు నడుమ వంతెన లేకపోయింది.

4. దేహం చెప్పే సాక్ష్యం:
మద్యం మెదడులో గాబా అనే నిరోధక రసాయనం ప్రభావాన్ని పెంచి, భయాన్ని తాత్కాలికంగా అణచివేస్తుంది. నిత్యం తాగేవారిలో మెదడు దీనికి ఎదురుగా తన ఉద్రేక వ్యవస్థను పెంచుకొంటుంది. అప్పుడు మద్యం ఆగగానే వణుకు, నిద్రలేమి, ఆందోళన, తీవ్రస్థితిలో మూర్ఛ, మతిభ్రమణం కలుగుతాయి. మొదట సుఖం కోసం తాగినవాడు తరువాత ఈ బాధ తప్పించుకోవడానికి తాగుతాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి రోగులు పోటెత్తడానికి కారణం ఇదే.

ఈ జ్ఞానంతో వెనుదిరిగి చూస్తే 1938 అక్టోబరు 1 మరో ప్రశ్నను మన ముందుంచుతుంది. ఆనాడు ఒక్కసారిగా కల్లు, సారా అందనివారి దేహాలకు ఏమైనది? ఆసుపత్రి రిజిస్టర్లు, మిషనరీ వైద్యుల నివేదికలు, పోలీసు రికార్డులు ఈ ప్రశ్నతో తిరిగి చదవదగినవి.

5. ఇతరుల తాగుడు – స్త్రీల భయం:
1980లలో ప్రభుత్వమే ‘వారుణి వాహిని’ పేరుతో సారాను పల్లెలకు చేర్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుండి లేచిన స్త్రీల ఉద్యమం ఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. కుప్పం శాసనసభ్యుడైన చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా ఉండగా 1997లో సంపూర్ణ నిషేధం తొలగింది. ఆ ఉద్యమంలో స్త్రీలు మాట్లాడినది తమ తాగుడు గురించి కాదు. రాత్రి తలుపు చప్పుడుకు కలిగే భయం, కూలిడబ్బు ఇల్లు చేరదన్న దిగులు వారి అనుభవం. దీర్ఘకాలిక భయం జ్ఞాపకశక్తిని, నిద్రను దెబ్బతీస్తుందని నాడీశాస్త్రం నేడు చెప్పగలదు. అయితే ఆ భయం సంఘటిత చర్యగా ఎలా మారిందో చెప్పవలసినది చరిత్రే. అక్షరాస్యతా తరగతులు, వీధి సమావేశాలు లేకుండా ఆ పరిణామం అర్థం కాదు.

6. విద్యార్థి పరిశోధనకు మార్గం:
సమాజమే పరిశోధనాక్షేత్రంగా సాగిన అధ్యయనానికి మదనపల్లెలోనే పూర్వరంగం ఉన్నది. ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయానికి చెందిన ఫ్రిమోడ్ మోలర్ 1950–55 మధ్య ఆ పరిసర జనాభాలో క్షయపై విస్తృత సర్వే నిర్వహించారు. మద్యం, ఒత్తిడి విషయంలో అటువంటి ఓపిక నేటి విద్యార్థులకు ఆదర్శం కావాలి. మెదడు చిత్రణ యంత్రాలు అందుబాటులో లేని కళాశాలలలో సైతం నిద్ర, ఆందోళన ప్రశ్నావళులు, మౌఖిక చరిత్ర, పత్రాల పరిశీలన సాధ్యమే. సమాచారదాత అంగీకారం, గోప్యత మాత్రం విస్మరించరానివి. భయం గురించి అడిగే ప్రశ్న ఆ భయాన్ని తిరగదోడవచ్చు.

7. ముగింపు:
- చిత్తూరు సరిహద్దుసీమ నిషేధం అమలును గ్రామస్థాయిలో పోల్చి చూడడానికి అనువైన క్షేత్రం.
- దుకాణం మూయడం సరఫరాను ఆపుతుంది. మెదడులో ఏర్పడిన అవసరాన్ని ఆపదు. చికిత్స లేని నిషేధం పేదవాని దేహంపైనే మొదట భారమవుతుంది.
- నాడీశాస్త్రం వ్యసనాన్ని దోషంగా కాక రుగ్మతగా చూడడం నేర్పుతుంది. కాని కూలి, కులం, రాబడి, లింగవివక్ష అనే కారణాలను మెదడులో వెదకరాదు. రెండు శాస్త్రాలు ఒకదాని హద్దును మరొకటి గుర్తించినప్పుడే ఈ చరిత్ర సమగ్రమవుతుంది.