బాపు 5.1లో ఎనక స్పీకర్లు ఎందుకు మోగలేదు? గేమ్ సౌండ్ వెనకున్న వైర్ల కథ

ఈ ఎపిసోడ్ మొదలైంది బోధన్‌లో, మా ఇంట్లో. దసరాకి పోతూ నా పీఎస్5 బ్యాగులో వేసుకున్న. హాల్లో బాపు పాత 5.1 హోమ్ థియేటర్ ఉంది కదా, దానికి కలుపుదామని.

బాపు శక్కర్ నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసిండు. 1937లో పెట్టిన ఫ్యాక్టరీ, 2015 డిసెంబర్‌లో మూతపడింది. అంతకు చాలా ముందే, ఒక ఏడాది బోనస్ పైసలతో నిజామాబాద్‌లో కొని బస్సులో తెచ్చిన సెట్టు ఇది. ఆ నౌకరీ గుర్తుగా ఇంట్లో మిగిలింది ఇదొక్కటే.

దాని డీవీడీ ప్లేయర్ పోయినంక టీవీ హెడ్‌ఫోన్ జాక్ నుంచి వైరు గుంజిండ్రు. అప్పటినుంచి ముందు రెండు స్పీకర్లే మోగుతున్నయ్. నా గేమ్ పెట్టినా అంతే. "ఎనకయి పోయినయిరా, పాత సామాన్లోడికి వేసేద్దాం" అన్నడు బాపు. నాకు మనసొప్పలేదు.

అసలు గొడవ స్పీకర్లలో లేదు. చిన్నప్పుడు ఆడిన క్యాసెట్ టీవీ గేమ్ గుర్తుందా? 1983లో జపాన్‌లో వచ్చిన ఫామికామ్‌కి కాపీలవి. లోపల శబ్దం చేసే చానెళ్లు ఐదు, బయటికొచ్చే సౌండ్ మాత్రం ఒక్కటే. స్టీరియో కూడా కాదు.

అదే 1983లో తోషిబా ఆప్టికల్ వైరు తెచ్చింది, ఎర్ర లైటు వెలుగుతది చూడండి, అది. సీడీ ప్లేయర్ల కోసం చేసింది కాబట్టి రెండు చానెళ్లకు సరిపోయేలా చేసిండ్రు. 5.1 అంటే ఆరు. మామూలుగా ఒక్కో చానెల్‌కి సెకనుకు 768 కిలోబిట్లు, ఆరింటికి 4,608. ఆ వైరులో పట్టదు. 1992లో బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్ సినిమాతో థియేటర్లకొచ్చిన డాల్బీ డిజిటల్ ఆరింటినీ కుదించి ప్యాక్ చేసింది. డీవీడీలో అయితే మొత్తం కలిపి 448 కిలోబిట్ల లోపే!

సినిమాకి ఇది సులువే, ముందే ప్యాక్ చేసి డిస్కులో పెట్టొచ్చు. గేమ్‌లో కుదరదు. మీ వెనక పోలీస్ సైరన్ మోగుతుంటే మీరు ఎడమకు తిరిగారనుకోండి, ఆ సైరన్ మీ ఎడమ చెవి వైపుకు రావాలి. ఎప్పుడు తిరుగుతారో డెవలపర్‌కి తెలియదు. అంటే సౌండ్ అప్పటికప్పుడు తయారు చేసి, అప్పటికప్పుడే ప్యాక్ చేయాలి. 2000లో వచ్చిన పీఎస్2కి ఆప్టికల్ పోర్టు ఉంది, డీవీడీ సినిమా పెడితే 5.1 వచ్చేది. గేమ్ ఆడేటప్పుడు మాత్రం చాలావరకు స్టీరియోలోనే మడతపెట్టిన సరౌండ్. 2001 ఎక్స్‌బాక్స్ ఆ ప్యాకింగ్‌ని చిప్‌లోనే, ఆట నడుస్తుండగానే చేసింది. కోడ్ రాసేటోడిగా చెప్తున్న, దానికి దండం పెట్టాలి.

2006లో పీఎస్3 హెచ్‌డీఎంఐతో వచ్చింది, ప్యాకింగ్ లేకుండానే ఎనిమిది చానెళ్లు పంపగలదు. కొత్త ఆంప్లిఫైయర్ ఉన్నోళ్లకు కథ అక్కడితో అయిపోయింది. మాకు కాలేదు. పీఎస్5కి ఆప్టికల్ పోర్టే లేదు, బాపు సెట్టుకి హెచ్‌డీఎంఐ లేదు, వెనక ఆరు ఆర్‌సీఏ రంధ్రాలే. నడిమిట్ల హెడ్‌ఫోన్ జాక్. దాంట్లోంచి వచ్చేదే రెండు చానెళ్లు, ఇంక ఎనక స్పీకర్లకు ఏం పోతది?

అందుకే ఒక చిన్న 5.1 డీకోడర్ డబ్బా తెప్పించిన. పీఎస్5 నుంచి టీవీకి హెచ్‌డీఎంఐ, టీవీ నుంచి డబ్బాకి ఆప్టికల్, డబ్బా నుంచి ఆంప్లిఫైయర్‌కి ఆరు వైర్లు. టీవీ సౌండ్ సెట్టింగ్‌లో పాస్ త్రూ పెట్టాలి. పీఎస్5లో ఆడియో ఫార్మాట్‌ని లీనియర్ పీసీఎం నుంచి బిట్‌స్ట్రీమ్ డాల్బీకి మార్చాలి. నేనిది మర్చిపోయి అరగంట వైర్లు పీకి పెట్టిన, నవ్వకండి.

బాపుని నడిమిట్ల కుర్చీలో కూర్చోబెట్టి కారు గేమ్ పెట్టిన. వెనక నుంచి సైరన్ రాంగనే తల తిప్పి కిటికీ దిక్కు చూసిండు. "మన ఫ్యాక్టరీ సైరన్ గిట్లనే ఎనక నుంచి వచ్చేది" అన్నడు.

కుడిదిక్కు ఎనక స్పీకర్ మాత్రం అప్పుడు కూడా మోగలే. చూస్తే, దాని వైరు ఎలుక కొరికింది.