పక్షవాతం తర్వాత చేతి చికిత్స: రోబోలు, విద్యుత్ ప్రేరణ

బ్రెయిన్ స్ట్రోక్‌తో చచ్చుబడిన చేతికి మళ్లీ కదలిక తెప్పించే పునరావాస పద్ధతుల్లో రెండు రోబో శిక్షణ, విద్యుత్ ప్రేరణ. అమెరికాలోని ఎంఐటీలో నెవిల్ హోగన్, హెర్మానో ఇగో క్రెబ్స్ తదితరులు రూపొందించిన ఎంఐటీ-మానస్ ఈ రోబోలలో తొలితరానిది. రోగి ముంజేతిని యంత్రానికి పట్టీలతో బిగించి, తెరపై కనిపించే గురి వైపు చెయ్యి జరపమంటారు. జరపలేక ఆగినచోటే యంత్రం సాయం పడుతుంది. అలుపు లేకుండా వందలసార్లు అదే కదలికను చేయించగలగడం దీని బలం.

విద్యుత్ ప్రేరణలో ముంజేతి పైభాగాన ఎలక్ట్రోడ్లు అతికించి కొద్దిపాటి కరెంటు పంపుతారు. కండరం ముడుచుకుని మణికట్టు లేస్తుంది, వేళ్లు విచ్చుకుంటాయి. రోగి తానూ ప్రయత్నిస్తుండగా ఇవ్వడం మేలంటారు.

రోబోలపై పెట్టుకున్న ఆశలు మాత్రం పూర్తిగా ఫలించలేదు. బ్రిటన్‌లో 770 మందిపై జరిగిన రాటల్స్ పరీక్ష ఫలితాలు 2019లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి: మామూలు చికిత్సతో పోలిస్తే రోబో శిక్షణతో చేతి పనితనం చెప్పుకోదగ్గంతగా మెరుగుపడలేదు.